పాదాలగట్టు పాదతీర్థం

పూర్వం, ఈ సీమ అంతా చిన్న చిన్న దుర్గాలుగా ముక్కలై, ప్రతి గుట్ట మీదా ఒక్కొక్క దొర జెండా ఎగురుతూ ఉండిన కాలంలో, కోనదుర్గమనే సంస్థానాన్ని తిమ్మాంబ అనే రాణి పరిపాలిస్తూ ఉండేది. ఆమె కోరి ఎక్కిన సింహాసనం కాదది. మహాశూరుడని పేరుపడిన ఆమె భర్త, శత్రువులు కోటను చుట్టుముట్టిన నాడు పూటుగా తాగి, గుర్రం ఎక్కబోయి అవతలి పక్కకు జారి, రాతిమెట్ల మీద తల పగిలి ప్రాణం వదిలాడు. వీరస్వర్గం అలంకరించాడని శిలాశాసనంలో చెక్కారు. చెక్కించినది తిమ్మాంబే గనుక నిజమేమిటో ఆమెకు తెలుసు. ఆ శవం మీద పడి ఏడవడానికైనా తీరిక లేక, కొంగు నడుముకు బిగించి, బురుజెక్కి, కోటను నిలబెట్టి, నాటి నుంచి రాజ్యభారం తానే మోసింది.

మోసిందన్న మాటే గాని, ఎక్కడా ముందు నడిచే యోగ్యత మాత్రం ఆమెకు లేదు. బొట్టు లేని ముఖం ఎదురు రాకూడదని రాజపురోహితుడు శేషంభట్టు విధించిన కట్టడి ప్రకారం, సేన యుద్ధానికి కదిలేటప్పుడు రాణి ఆజ్ఞ ముందు వెళ్ళేది, రాణి తెరచాటున నిలబడేది. కోటలో పెళ్ళి జరిగితే ఆమె పల్లకిని దొడ్డిదారిన తిప్పేవారు. ఆమె చేతి ముద్ర శుభప్రదం, ఆమె ముఖం అమంగళం! ఇంత నాజూకైన ధర్మసూక్ష్మం ఏ గ్రంథంలో ఉన్నదో పెద్దలు చెప్పాలి. దొరికినన్ని గ్రంథాలు తిరగేసిన నాకైతే కనబడలేదు.

అధికారం చేతికి రాగానే ఆ రాణి చేసిన మొదటి శాసనం, కోనదుర్గపు ఎల్లల లోపల మద్యం చుక్కైనా ఉండకూడదని. కల్లుకుండలు పగిలాయి, సారాబట్టీలు బూడిదయ్యాయి. తాగినవాడి నాలుకకు వాత. తయారుచేసినవాడు చేతితో చేస్తే చెయ్యి, కాలితో చేస్తే కాలు, ఏ అంగంతో చేస్తే ఆ అంగం ఛేదించాలని కట్టుదిట్టం చేసింది. కాలితో మద్యం చేసేవాడెవడుంటాడని సభలో అందరూ నవ్వారట. భర్త నోటి నుంచి రాత్రింబవళ్ళు కొట్టిన ఆ పులిసిన వాసనను ఆమె ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా ద్వేషించింది గనుక నవ్వలేదు.

కొన్నాళ్ళకు శేషంభట్టు, దివంగతుడైన దొరవారి ఆత్మకు శాంతి లేదనీ, అది దాహంతో అలమటిస్తూ కోట చుట్టూ తిరుగుతున్నదనీ చెప్పాడు. బతికున్నప్పుడు ఆ దాహం తీర్చలేకనే కదా కొంప మునిగింది! అయినా తిమ్మాంబ భక్తురాలు. కొండమీది నృసింహస్వామిని దర్శించి వచ్చేదాకా, దారిలో తగిలే దేవతల పాదతీర్థం తప్ప మంచినీళ్ళైనా ముట్టనని దీక్ష పట్టి, పురోహితునితోనూ, తలారితోనూ, కొద్దిపాటి పరివారంతోనూ ఫాల్గుణమాసపు ఎండల్లో బయలుదేరింది.

ఆ దారిలో, రెండు బోడికొండల నడుమ, ఎర్రమట్టి నేల మీద రాళ్ళగట్టు అనే చిన్న ఊరు ఉండేది. చుట్టూ ముళ్ళకంపలూ బండరాళ్ళూ తప్ప పచ్చదనమెరుగని ఆ ప్రాంతంలో, ఆ ఒక్క ఊరికి మాత్రం ఎటు చూసినా ద్రాక్షపందిళ్ళే. ఎన్నడో ఒక బైరాగి తన చేతికర్రను అక్కడ నాటి మరిచిపోయాడనీ, భర్త పోయి అత్తింటివారు గెంటేసిన ఒక ఆడకూతురు ఆ కర్ర చుట్టూ కాళ్ళతో మట్టి తొక్కి పాదు చేసి తన వంతు నీళ్ళు దానికి పోసిందనీ, అదే చిగిర్చి ఊరంతా అల్లుకున్నదనీ, ఆ ఆడకూతురే గట్టు మీద దేవతై వెలసిందనీ అక్కడివారి విశ్వాసం.

కనుకనే ఆ ఊరికి మరెక్కడా లేని ఆచారమొకటి ఏర్పడింది. ఫాల్గుణంలో పండ్లు కోసి, గుడి వెనకనున్న రాతితొట్టిలో కుమ్మరించినప్పుడు, వాటిని మొదట తొక్కవలసినది భర్త పోయిన స్త్రీ. ముత్తైదువలూ మగవాళ్ళూ ఆమె వెనకనే దిగాలి. ఆ అడుగును మొదటడుగు అంటారు. నలిగితే గాని రసం దిగదన్న సంగతి నలిగినదానికే తెలుస్తుందని వారి వాదన. మొదటడుగు వేసిన మనిషి కారణాంతరాన నడుమ దిగిపోతే, తొట్టిని చేపట్టవలసినది అంతకుముందెన్నడూ ఆ తొట్టిలో కాలు మోపని మరొక వితంతువు. ఒకసారి మోపిన కాలు ఆ పనికి చెల్లదు. అలా తొక్కిన రసాన్ని జాడీలకెత్తి, ఇసుకలో పాతి, ఏడాదికి తీసి, అమ్మవారికి నివేదన చేసి అందరూ పుచ్చుకుంటారు. దానిని వారు మద్యమనరు, సారా అనరు. పాదం తొక్కగా వచ్చినది గనుక పాదతీర్థమంటారు. తాతల నాటి నుంచి దానికి వేరే పేరే లేదు. కోటకు ఎండుద్రాక్ష కానుకగా వెళ్ళేది గనుక ఆ ఊళ్ళో ఎండుద్రాక్ష తప్ప ఇంకేమీ చేయరని కోటవారనుకున్నారు. రాణి సారా మాన్పించిందని దండోరా వేసినప్పుడు, మంచి పని చేసిందని ఊరివారు చప్పట్లు కొట్టారు. ఆ శాసనం తమకు వర్తిస్తుందన్న ఊహ ఒక్కరికీ కలగలేదు.

మిట్టమధ్యాహ్నం, నాలుక పిడచగట్టుకుపోయి, పెదవులు పగిలి, తిమ్మాంబ ఆ గట్టు మీది గుడి ముందు పల్లకి దిగింది. పూజ చేసే ముసలమ్మ, అంకాళవ్వ అనే ఆవిడ, ఎదురొచ్చి దండం పెట్టింది. దాహంతో మాట పెగలక రాణి దోసిలి పట్టి, "అవ్వా, పాదతీర్థం" అన్నది.

అవ్వ ముఖం చేటంత అయింది. ఇంత పెద్ద దొరసాని పేరుపెట్టి అడగడమా! "పాదతీర్థమే కావాల్నా తల్లీ? నిరుటిది ఇయ్యనా, అంతకు ముందరిది ఇయ్యనా?"

రాణికి ఆశ్చర్యం వేసింది. ఏ ఏటి తీర్థాన్ని ఆ ఏటికి భద్రపరిచే క్షేత్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. "పాతదానికి మహిమ ఎక్కువా?"

"అబ్బో! పాతదానికుండే మహిమ కొత్తదానికి యాడ వస్తాదమ్మా!" అని అవ్వ లోపలికి పరుగెత్తి, ఉద్ధరిణి పక్కన పడేసి, చెంబుతోనే తెచ్చింది. ఎండకు ముక్కుపుటాలు ఎండిపోయి, గుడి ముందు సాంబ్రాణి పొగ దట్టంగా ఉండడం చేత, రాణి వాసన పట్టలేకపోయింది. కళ్ళు మూసుకొని, శిరసున అద్దుకొని, గటగట తాగింది. మళ్ళీ దోసిలి పట్టింది. మళ్ళీ పట్టింది. శేషంభట్టు కూడా, అకాలమృత్యుహరణమని మంత్రం చెప్పుకుంటూ, మంత్రం ముగిసినా చెయ్యి వెనక్కు తీయకుండా పోయించుకున్నాడు.

కాసేపటికి పరివారం చూడరాని వింత చూసింది. వైధవ్యం వచ్చిన నాటి నుంచి పెదవి విప్పి నవ్వి ఎరగని తిమ్మాంబ ఫక్కున నవ్వింది. ముసుగు జారిపోయినా సర్దుకోలేదు. గుడి స్తంభానికి ఆనుకొని, చిన్నప్పుడు పుట్టింట్లో నేర్చిన గొబ్బిపాట ఎత్తుకున్నది. శేషంభట్టు సంకల్పం చెప్పబోయి, దేశకాలాల దగ్గర దారి తప్పి, తన మేనమామ ఊరి పేరు చెప్పాడు. బోయీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అవ్వా," అన్నది రాణి ఆనందబాష్పాలతో, "నా ప్రాణం లేచివచ్చింది. ఇన్ని క్షేత్రాలు తిరిగాను, ఇటువంటి తీర్థం లేదు. ఏ దేవుడి పాదాలు కడిగినదమ్మా ఇది?"

"దేవుడివి కాదు తల్లీ, మా సుంకులివి. కడిగింది కూడా కాదు, తొక్కింది. రా, చూద్దువు గాని."

గుడి వెనకకు తీసుకువెళ్ళింది. అక్కడ రాతితొట్టిలో, చీర మోకాళ్ళ పైకి దోపి, ఒకరి భుజాలొకరు పట్టుకొని ఆడవాళ్ళు వలయంగా తొక్కుతున్నారు. అందరికీ ముందు నల్లగా, పొడుగ్గా ఉన్న ఒక స్త్రీ. మోకాళ్ళ దాకా ఎర్రగా కారుతున్నది. రాణి అది నెత్తురనుకొని కెవ్వున కేక వేసింది. ఆ కేకతో గాలి పీల్చింది. గాలితో పాటు ఆ పులిసిన వాసన వచ్చింది. ఏ వాసనను తన పడకగది నుంచి, తన కోట నుంచి, తన రాజ్యం నుంచి వెళ్ళగొట్టానని ఆమె ఇన్నాళ్ళూ గర్వపడిందో ఆ వాసనే. తొట్టి నుంచి వస్తున్నది. తన దోసిలి నుంచి వస్తున్నది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగులోకి, తన ఊపిరి నుంచే వస్తున్నది.

మైకం దిగిపోయింది. దీక్ష భంగమైంది, శాసనం భంగమైంది, పరివారం చూస్తుండగా మర్యాద మంట గలిసింది. అంతకన్నా ఘోరం, తాను నవ్వింది! ఆ పాపిష్ఠి ద్రవం తాగి తన భర్త నవ్విన నవ్వే తానూ నవ్వింది. తిమ్మాంబ తొట్టి అంచుకు నడిచి, "ఎవతె సుంకులి?" అన్నది.

ముందున్న స్త్రీ తొక్కడం ఆపి, మోచేత్తో చెమట తుడుచుకొని, "నేనే తల్లీ. బాగుండాదా?" అని అడిగింది, మెచ్చుకోలు కోసం.

శాసనం ఉండనే ఉన్నది. ఏ అంగంతో చేస్తే ఆ అంగం. ఆనాడు సభలో నవ్వినవారెవరూ ఇప్పుడు నవ్వలేదు. ఆమె రెండు పాదాలూ చీలమండల దగ్గర నరకమని రాణి తలారికి సైగ చేసింది.

ఊరు ఊరంతా తొట్టి చుట్టూ మూగింది. పాదతీర్థం అడిగి, తాగి, మళ్ళీ అడిగి తాగి, ఆ పాదాలనే నరకమనే మనిషిని వాళ్ళు కథల్లో కూడా వినలేదు. సుంకులికి మొగుడు పోయి నాలుగేళ్ళు దాటింది. పొలం లేదు, పుట్ర లేదు, పిల్లలు లేరు. మొదటడుగు వేసే ఆ రెండు కాళ్ళే ఆమెకు ఊళ్ళో అన్నమూ మర్యాదా. అవి పోతే ఆమె బతికి ఉన్నా లేనట్టే.

"తాగిన నోరు నీది, నరికే కాళ్ళు నావా?" అన్నది సుంకులి. "ఇదేం న్యాయం దొరసానీ? నాలుక్కి వాత అంటివే, అది ఎవురికి పెడతావు?"

శేషంభట్టు గబగబా నోరు మూసుకున్నాడు. రాణి ముఖం పాలిపోయింది గాని, నోట మాట వెనక్కు రాలేదు. కోపమొక్కటే అయితే వచ్చేదేమో. సిగ్గు తోడైంది గనుక రాలేదు.

"సరే నాయనా," అన్నది సుంకులి తలారితో, తొట్టిలోంచి ఎక్కి గట్టు మీద నిలబడి, "ఈడనే నరుకు. లోపల నరికితే నెత్తురు పడి రసం మైలపడతాది. ఏడాది కూడు అది, ఊరిది."

తలారి గొడ్డలెత్తాడు. అంకాళవ్వ గుండెలు బాదుకుంటూ గుడి వెనక గడప మీద పడింది. అప్పుడు జరిగినదాన్ని చూసినవారంతా ఒకే విధంగా చెప్పారు గనుక నమ్మవలసినదే. గొడ్డలి దిగేలోపల, ఆ నల్లరాతి గట్టు రాగిసంగటి ముద్దలాగా మెత్తబడి, సుంకులి పాదాలను చీలమండల దాకా తనలోకి తీసుకొని, మళ్ళీ గట్టిపడింది. గొడ్డలి రాయిని తాకి, నిప్పులు రాలి, అంచు విరిగి రాణి కాళ్ళ ముందు పడింది. తలారి చేతిలో మిగిలిన కర్రను చూసుకుంటూ అక్కడే కూలబడ్డాడు.

అమ్మవారు కాపాడిందని ఊరివారు జయజయధ్వానం చేయబోయారు. కాని ఆ జయం గొంతులోనే ఆగిపోయింది, రాయి ఆగలేదు. పాదాలను మింగిన ఆ నలుపు చీలమండలు దాటి పిక్కల మీదుగా పైకి పాకుతున్నది. చర్మం చర్మంలాగా ఉంటూనే చల్లబడి, గరుకై, రాయి అయిపోతున్నది. అంతసేపూ చెక్కుచెదరని సుంకులి అప్పుడు భయపడింది. "తొక్కుడు ఆగిపోయె!" అని అరిచింది. "అమ్మ ఊరుకోదు, దిగండక్కా, ఎవురన్నా దిగండి!"

ముసలి వితంతువులు దబదబ తొట్టిలోకి దూకి తొక్కారు. ఒకసారి మోపిన కాళ్ళవి, చెల్లలేదు. రాయి మోకాళ్ళకొచ్చింది. కొత్త అడుగు కావాలి, భర్త లేనిది కావాలి. ఆ ఊళ్ళో అటువంటి ఆడది ఆ క్షణాన లేదు. అంకాళవ్వ గడప మీది నుంచి లేచి, చుట్టూ చూసి, చూసి, చివరకు చూపు తిమ్మాంబ బోసి నుదుటి మీద నిలిపింది.

"దొరసానీ," అన్నది అవ్వ, "నువ్వు దిగాల తల్లీ."

"శివశివా!" అని శేషంభట్టు అడ్డంపడ్డాడు. "రాణీవాసపు పాదం! అందునా పూర్వసువాసిని! శుభకార్యంలో ఆమె ముందు అడుగు వేయడమా? అనర్థం, అనర్థం!"

"నువ్వు ఊరుకో సామీ, ఇందాక తాగేటప్పుడు రాని అనర్థం ఇప్పుడెందుకొస్తాది?" అన్నది అవ్వ.

తిమ్మాంబ సుంకులి కాళ్ళ వంక చూస్తున్నది. దిగకపోతే ఆమె శాసనమే గెలుస్తుంది. కాళ్ళతో పాటు మనిషి కూడా పోతుంది, ఎదురాడే నోరు శిల అవుతుంది, ఇక్కడ తాను తాగి నవ్విందని చెప్పేవాళ్ళలో ఒకరు తగ్గుతారు. దిగితే, ఆ వాసనలో మోకాలు లోతున నిలబడాలి. ఆమె పెదవులు కదిలాయి. అడిగినది మాత్రం ఎవరూ ఊహించని మాట.

"ముందు నేనా?"

"ముందు నువ్వే తల్లీ. ఈ ఊళ్ళో నీకన్నా ముందు ఎవురూ దిగరు."

పెళ్ళి పందిట్లోంచి, రథం దారిలోంచి, సొంత సేన ఎదుటి నుంచి పక్కకు తప్పించబడిన ఆ ఆడమనిషికి, ముందు నువ్వే అన్నవారు అదే మొదలు. రాయి సుంకులి తొడల దాకా వచ్చింది. తిమ్మాంబ కొంగు నడుముకు బిగించింది, బురుజెక్కిన నాటిలాగానే. చీర మోకాళ్ళ పైకి దోపింది. పరివారం తలలు తిప్పుకున్నది. కళ్ళు మూసుకొని, ముక్కు మూసుకోకుండా, ఆ వాసనలోకి దిగి ఎడమకాలు మోపింది.

కాలి కింద పండ్లు చిట్లిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు రాయి ఆగింది. రెండో అడుగు వేసింది. రాయి దిగడం మొదలుపెట్టింది. తొట్టిలోని ముసలివాళ్ళు ఆమె భుజాలు పట్టుకొని తొక్కుడు పాట ఎత్తుకున్నారు. రాణికి ఆ అడుగు తెలియక తడబడింది.

"కాళ్ళెత్తి తొక్కు దొరసానీ!" అని సుంకులి పైనుంచి అరిచింది. "నువ్వు దువ్వుతాండావా తొక్కుతాండావా? పల్లకీలో కూచుని కూచుని కాళ్ళుండాయనేదే మరిస్తివా?"

ప్రాణం మోకాళ్ళలో ఉండగా అంత మాట అన్నందుకు ఊరివారు నిర్ఘాంతపోయారు. రాణి కాళ్ళెత్తి తొక్కింది. ఏడుస్తూ తొక్కింది. ఆ వాసన మీద, రాతిమెట్ల మీద పడిన ఆ తల మీద, తాను ఏడవని ఆ రోజు మీద తొక్కింది. పొద్దు వాలేవేళకు రసమంతా దిగింది. రాయి సుంకులిని పూర్తిగా వదిలిపెట్టింది. ఆమె ఒక్కొక్క కాలే పైకి తీసుకొని, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకొని, తొట్టిలోకి చెయ్యి చాపి రాణిని పైకి లాగింది. అప్పుడు తలారిని పిలిచి రాణి తన నాలుక చాపింది. వాత పెట్టడానికి తలారికి చేతులు రాలేదు. అంకాళవ్వే కాలిన ద్రాక్షపుల్ల తెచ్చి కొసన అంటించింది. ఆ తరువాత శేషంభట్టు కోసం వెతికితే ఆయన కొండ అవతలి దారిన కనిపించాడట.

తిమ్మాంబ మర్నాడు పల్లకి ఎక్కలేదు. మోకాళ్ళ దాకా ఊదారంగు పట్టిన కాళ్ళతో, అందరికీ ముందుగా, నడిచి నృసింహదర్శనం చేసుకున్నది. దొరవారి ఆత్మ దాహం తీరిందో లేదో ఆమె మళ్ళీ ఎవరినీ అడగలేదు. అంగచ్ఛేదం మాట శాసనం నుంచి కొట్టివేయించింది. మద్యనిషేధాన్ని మాత్రం ఎత్తలేదు. రాళ్ళగట్టుకొక్కదానికే, అమ్మవారి తీర్థంగా, మనిషికి ఒక ఉద్ధరిణి చొప్పున మినహాయింపు ఇచ్చింది. ఆమె కాళ్ళ రంగు ఆమెతోనే కాటికి పోయిందంటారు.

నాటి నుంచి రాళ్ళగట్టు పాదాలగట్టు అయింది. కోనదుర్గం ఇప్పుడు పునాదులతో సహా లేదు, వీరస్వర్గపు శాసనం ఎవరి గొడ్లపాకలో మెట్టుగా పడి ఉందో తెలియదు. గట్టు మీద సుంకులి పాదాల గుర్తులు మాత్రం, మడమల పగుళ్ళతో సహా, నేటికీ ఉన్నాయి. వానకు ఆ గుంటల్లో నిలిచే నీళ్ళు కూడా ఊదారంగుకు తిరుగుతాయి. ఏటా ఫాల్గుణ బహుళంలో, ఊళ్ళో భర్త పోయిన ఆడకూతురు ఉంటే మేళతాళాలతో ఆమె ఇంటికి వెళ్ళి, మగవాళ్ళు కాళ్ళు కడిగి, ఊరేగింపులో అందరికీ ముందు నడిపించి తొట్టిలో దింపుతారు. పొరుగూళ్ళ నుంచి యాత్రకు వచ్చినవారు ఇది చూసి ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీండి, ఆ వేలు వేరే చోట్ల వేసుకోవలసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆ ఊరికి వెళ్ళేవారు ఒక్క సంగతి తెలిసి వెళ్ళాలి. గుళ్ళో పాదతీర్థమని చెయ్యి చాపగానే పోయరు. పూజచేసే అవ్వ ఉద్ధరిణి ఎత్తి పట్టుకొని, "ఎవరి పాదం?" అని అడుగుతుంది. దేవుడి పాదమంటే తులసినీళ్ళు పోస్తుంది. అవీ పవిత్రమే, పుచ్చుకొని రావచ్చు. సుంకులి పాదమంటే పక్కనున్న జాడీ మూత తీస్తుంది. రెండో ఉద్ధరిణి అడిగినవారిని మాత్రం, ఎంత గొప్పవారైనా సరే, చెయ్యి పట్టుకొని గుడి వెనకకు తీసుకువెళ్ళి, గట్టు మీది ఆ రెండు గుంటల ముందు నిలబెట్టి, చెప్పులు విప్పించి, "నిలబడు తల్లీ, నిలబడు నాయనా, సరిపోతాయేమో చూద్దాం" అంటుంది.

ఇంతవరకూ రెండోసారి చెయ్యి చాపినవారెవరూ ఆ గుంటల్లో కాలు పెట్టలేదు.